కొల్లేటి సీమలో మంద పోషణ



మన ఒంగోలు జాతి పశువునకు బ్రెజిలు దేశమున ‘నెలోరె’ అని పేరు. నెల్లూరను మన ఊరిపేరే ఆ దేశపువారి నోట అట్లు మాఱినది. 1868 లో మన పశువులు ఒక జత బాహియా రాష్ట్రమందలి సాల్వడారు రేవున దిగినవని ఆ జాతి చరిత్ర చెప్పుచున్నది. పిమ్మట 1960 దాటువఱకు కొద్దికొద్దిగా మఱికొన్ని పోయినవి. నేడు ఆ దేశమున మాంసమునకై పెంచు మందలలో అధికభాగము ఆ సంతతియే. వేలకొలది యెకరముల పచ్చికబయళ్లలో, గుఱ్ఱములెక్కిన కాపరులతో సాగు ఆ మందల వృత్తాంతము వినునప్పుడు అది మనకు సంబంధింపని వేఱొక లోకమని తోచును. కాని ఆ మందను నడపువాడు ప్రతిదినము చేయు పనులేమని విచారించిచూడుడు. తలలు లెక్కించుట, నీరు చూచుట, ఉప్పు పెట్టుట, కంచె చూచుట, దూడను కాచుట, చూడి తెలిసికొనుట, పనికిరానిదానిని వేఱుచేయుట. మన కొల్లేటి లంకలలో 40 గేదెలు గలవాడు చేయవలసిన పనులును ఇవియే. ఈ దినచర్యను గూర్చియే నేడు మనవి చేయదలచితిని.

మన సీమలో గోవు మాంసమునకై పెంపబడదు. 1977 నాటి రాష్ట్రశాసనము గోవధను నిషేధించినది. ఇతర పశువుల విషయమున అధికారి పరీక్షించి యిచ్చు ధ్రువపత్రము కావలయును. మన మందలు గేదెల మందలు. వానికి పాలు మొదటి ఫలము, దూడ రెండవది, పేడ మూడవది, పాడి యుడిగినపిమ్మట అమ్మకము నాలుగవది. ఈ నాలుగవదానిని గూర్చి పెద్దమనుష్యులు బహిరంగముగా మాటాడరు. మాటాడకపోవుటవలన పశువునకు కలుగు హాని యొకటి కలదు. దానిని తుదకు చెప్పెదను.

బడిపంతులకు గేదెలతో నేమి పని యని కొందఱు అడుగవచ్చును. కౌటిల్యుని అర్థశాస్త్రమున రెండవ అధికరణమందు గోఽధ్యక్షుడను ఉద్యోగిని గూర్చి ఒక అధ్యాయమే కలదు. నూఱేసి పశువులకు కాపరి యెవడు, పాలు పితుకువాడెవడు, చల్ల చిలుకువాడెవడు అని అందు విభాగము చేయబడినది. ప్రతి పశువు వన్నె, కొమ్ముల తీరు, సహజమైన గుఱుతు, వేసిన ముద్ర పుస్తకమున వ్రాయవలెనని నియమింపబడినది. అన్నిటికంటె గమనింపదగినది కూలి విషయము. కాపరులకు కూలి రొక్కముగా ఈయవలెననియు, పాలు నేయి రూపమున ఇచ్చినచో వారు దూడలను మాడ్చుదురనియు అచటి తాత్పర్యము. సుమారు 2000 యేండ్లనాటి ఆ గ్రంథకర్త మంద యెచట చెడునో స్పష్టముగా నెఱిగినవాడు. పాలు ఎవని ఆదాయమో వానికి దూడ పోటీదారు అగును. ఆ పోటీలో దూడ ఓడుచుండును. నాలుగేండ్ల తరువాత మంద ఓడును. నేడు నేను చెప్పబోవు దినచర్యలో ప్రతి పనికిని ఈ ఒక్క సత్యముతో సంబంధము కలదు.

ముందు మన సీమ స్థితిని కొంచెము చెప్పవలెను. కొల్లేరు కృష్ణా గోదావరుల నడిమి పల్లము. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు మొదలగు వాగుల నీరును, కాలువల మురుగును అందు చేరును. అంత నీరును ఉప్పుటేరను ఒక్క త్రోవను సుమారు 60 కిలోమీటర్లు పాఱి సముద్రమున కలియవలెను. వానకాలమున నీరు లంకలను చుట్టుముట్టును. వేసవిని సరస్సు కుంచించుకొనిపోయి తుంగ, గఱిక, కిక్కిస బయటపడును. పూర్వము ఏలూరు మొదలు ఆకివీడు, కైకలూరు వఱకు గల గ్రామముల గేదెలకు వేసవి మేత అదియే. తరువాత చేపల చెరువులు వచ్చి పల్లపు బీళ్లు గట్లనడుమ చిక్కినవి. 1999 లో సరస్సు ఐదవ కాంటూరు వఱకు అభయారణ్యముగా ప్రకటింపబడినది. 2002 లో రామ్‌సర్ ఒప్పందపు జాబితాకెక్కినది. 2006 లో అభయారణ్యము లోపలి చెరువుగట్లు పెక్కు తెగగొట్టబడినవి. ఇన్ని మార్పులనడుమ గేదె నడచి మేయు నేల తగ్గినది, కొట్టమున కట్టి పెట్టు మేత పెరిగినది. కావున ఒకప్పుడు బీడును మడుగును చేసిపెట్టిన పనిని నేడు యజమాని తన చేతితో చేయవలసివచ్చినది.

ఇక దినచర్య. తెల్లవాఱుజామున కొట్టములో అడుగిడినతోడనే చెంబు చేతబట్టరాదు. మొదట మందను ఒక చివరనుండి ఇంకొక చివరకు నడచి చూడవలెను. తలలు లెక్కింపవలెను. భారతమున దుర్యోధనుడు ఘోషయాత్రకు పోవుటకు చెప్పిన నెపము మందలను లెక్కించి, దూడలకు గుఱుతులు వేయించుటయే. రాజునకును లెక్క తప్పినది కాదు. లెక్కతోబాటు కన్ను పనిచేయవలెను. ఆరోగ్యముగల గేదె ముట్టె తడిగా నుండును, చెవులు కదలుచుండును, పండుకొనినపుడు నెమరువేయుచుండును. నిన్నటి మేత గాడిలో ఎవరిది మిగిలినది? పేడ పలుచనైనదెవరిది? ఏది మందకు దూరముగా తలవ్రేలవేసి నిలిచినది? ఈ మూడు ప్రశ్నలకు ఐదు నిమిషములు చాలును. రోగము ముదిరిన తరువాత వైద్యునికై పరుగెత్తుటకును, తొలినాడే కనిపెట్టుటకును గల భేదము ఈ ఐదు నిమిషములలో నున్నది.

పిమ్మట పాలు తీయుట. పొదుగును చన్నులను గోరువెచ్చని నీటితో కడిగి పొడిగుడ్డతో తుడువవలెను. దూడను విడిచి గేదె చేపునట్లు చేయవలెను. ప్రతి చన్నునుండి మొదటి రెండు ధారలు వేఱొక గిన్నెలో పట్టి చూడవలెను. అందు తరకలు గాని, రక్తపు జీర గాని, నీళ్లతనము గాని కనబడినచో అది పొదుగువాపునకు తొలి గుఱుతు. అట్టి గేదెను చివర పితుకవలెను, పితికినచేతిని కడుగుకొనవలెను. బొటనవ్రేలు మడచి చన్నును నొక్కుట మన ప్రాంతమున అలవాటు. దానివలన చన్ను లోపల నలుగును. నాలుగువ్రేళ్లు, అఱచేయి కలిపి పిడికిట పట్టి పితుకుట మేలు. చేపిన గేదెను 7 లేక 8 నిమిషములలో ముగింపవలెను. ముగించినవెంటనే గేదెను బురదలో పండుకొననీయక, గాడిలో కొంచెము మేతవేసి అరగంట నిలువబెట్టవలెను; ఏలయన పితికిన తరువాత కొంతసేపు చన్ను రంధ్రము తెఱచియుండును, మలినము లోనికి పోవును.

ఇప్పుడు దూడ సంగతి. గేదె సుమారు 310 దినములు మోసి ఈనును. దూడ నేలబడిన గంటలోపల ముర్రుపాలు త్రాగవలెను. ఇందు ఆలస్యమునకు తావులేదు. గేదెదూడ తల్లి గర్భమున నున్నపుడు రోగములనెదిరించు శక్తిని రక్తముద్వారా పొందదు. అది ముర్రుపాలద్వారానే రావలెను. ఆ శక్తిని దూడప్రేగు గ్రహించు సామర్థ్యము గంటగంటకు తగ్గి, ఒక దినము గడచునప్పటికి దాదాపు నశించును. మాయ పడువఱకు పాలు ముట్టరాదని పెద్దలు చెప్పుట కొన్ని యిండ్లలో నేటికిని కలదు. ఆ ఆచారము దూడకు మృత్యువు. మాయ పడుట కొన్ని గంటలు పట్టవచ్చును. దూడ అంతవఱకు ఆగరాదు. పైగా దూడ చీకుటవలన మాయ పడుటకును సాయమగును. బొడ్డును శుభ్రమైన కత్తెరతో రెండంగుళములు విడిచి కత్తిరించి అయోడిను అద్దవలెను.

దూడకు మొదటినెలలో దాని బరువులో పదవవంతు పాలు దినమునకు కావలయును. 30 కిలోగ్రాముల దూడకు 3 లీటర్లు. రెండవనెలలో పదునైదవవంతు, మూడవనెలలో ఇరువదవవంతు. అంతలో లేతగడ్డియు దాణాయు అలవాటగును. కూడి చూచినచో మూడునెలలకు సుమారు 250 లీటర్లు. ఈ అంకె వినగనే పాలకేంద్రమునకు పోయువాని గుండె ఝల్లుమనును. ఒక లంకగ్రామమున మందగల రైతు నాతో నిట్లనెను: “పంతులుగారూ, పెయ్యదూడకైతే వదులుతామండి. దున్నదూడకు వదిలితే కేంద్రంలో నాకెవరిస్తారండీ?” ఆతడు చెడ్డవాడు కాడు. అప్పుతో గేదెలను కొన్నవాడు. పదిదినముల కొకమాఱు వచ్చు పాలడబ్బుతో ఇల్లు నడపువాడు. అతని ప్రశ్నకు దయనుగూర్చిన ఉపన్యాసము సమాధానము కాదు. లెక్కయే సమాధానము.

ఆ లెక్క యిది. దూడ చచ్చిన గేదె పెక్కుసారులు చేపదు. అప్పుడు చచ్చినదూడ చర్మమున గడ్డి కూర్చి తల్లియెదుట నిలుపుట చూచియే యుందురు. అదియు పనిచేయనిచో సూదిమందు పొడిచి చేపించుట మొదలగును. ఆ మందునకు గేదె అలవాటుపడును, ఈత దూరమగును, చూడి నిలుచుట కష్టమగును. ఏడాదికి గాని పదునాలుగు నెలలకు గాని ఈనవలసిన గేదె రెండేండ్లకు ఈనినచో, మధ్య నెలలలో అది తినిన మేత అంతయు నష్టము. దూడకు విడిచిన 250 లీటర్లు ఈ నష్టముముందు చిన్నవి. పెయ్యదూడ యైనచో ఇంకొక లెక్క. బాగుగా పెరిగిన పడ్డ రెండున్నర యేండ్లకు ఎదకు వచ్చును. మాడినది నాలుగేండ్లయినను రాదు. ఆ యేడాదిన్నర ఊరక మేపవలసినదే. కొత్తగేదెను కొనుటకు సంతకు పోవువాని సొమ్ములో అధికభాగము తన కొట్టములో తానే చంపుకొనిన దూడల వెల.

దూడను చంపు రెండవ శత్రువు కడుపులోని ఏలికపాము. గేదెదూడకు ఇది తల్లిపాలనుండియే సంక్రమించును. దూడ బొజ్జ పెరిగి, వెండ్రుకలు గరుకెత్తి, తెల్లని దుర్వాసనగల విరేచనము పట్టును. పాలు ఎక్కువై అజీర్ణము చేసినదని మనవారు పాలు తగ్గింతురు. దూడ ఇంకను చిక్కును. పుట్టిన పదవదినము మొదలు పదునాలుగవదినములోపల మొదటిమాఱు పాములమందు పట్టింపవలెను. ఆఱునెలలు నిండువఱకు నెలకొకమాఱు, తరువాత మూడునెలలకొకమాఱు. ఆ మందువెల ఒక లీటరు పాలవెలకు మించదు.

మేత విషయమున మన సీమకు సిరియు కలదు, లోపమును కలదు. సార్వా దాళ్వా రెండు పంటల వరిగడ్డి మన సిరి. కాని కోతయంత్రములు వచ్చినతరువాత గడ్డి చిందరవందరయై పొలమున పడుచున్నది; కూలి గిట్టక కాల్చువారును కలరు. పొలమున కాలిన గడ్డివామి వేసవిలో కొనిన మేతయగును. వరిగడ్డిలో మాంసకృత్తులు మిక్కిలి తక్కువ, సున్నము ఒంటబట్టుట కష్టము. కడుపు నిండును గాని ఒడలు నిండదు. దీనికి ఉపాయము కలదు. 100 కిలోగ్రాముల గడ్డికి 4 కిలోగ్రాముల యూరియా 50 నుండి 60 లీటర్ల నీటిలో పూర్తిగా కరగించి, పొరపొరగా చల్లి త్రొక్కి, గాలి చొరకుండ కప్పి 21 దినములుంచినచో గడ్డి మెత్తబడి సారవంతమగును. తీసినపిమ్మట కొంతసేపు ఆరవేసి ఘాటు పోయినతరువాత పెట్టవలెను. ఆఱునెలలలోపు దూడలకు ఇది పెట్టరాదు. యూరియా కలిపిన నీటిని పశువునకు అందుబాటులో విడువరాదు, అది విషము.

మన లోపము తవుడు. చేపల చెరువులు మేతకై తవుడును బండ్లకొలది కొనును. ఒకే మిల్లు తవుడునకు చేపయు గేదెయు పోటీపడుచున్నవి. వెల చేపయే నిర్ణయించుచున్నది. కావున తవుడుమీదనే ఆధారపడిన కుడితి నేటి లెక్కకు సరిపడదు. వరికోతకు ముందు పొలమున పిల్లిపెసర చల్లుట మన తాతలనాటి పద్ధతి. నేలలో మిగిలిన తేమతోనే అది పెరుగును, నేలకును సారమిచ్చును. పిల్లిపెసర, జనుము కొంచెము వరిగడ్డితో కలిపి పెట్టినచో తవుడు, చెక్క భారము చాలవఱకు తగ్గును. ఉత్తరమున తాడేపల్లిగూడెము దాటిన మెట్టలోను, ద్వారకా తిరుమల, చింతలపూడి వైపునను మొక్కజొన్న విస్తారము. గింజ పాలుపట్టు దశలో కోసి, ముక్కలు చేసి, గాలిలేకుండ త్రొక్కి 45 దినములు పాతరవేసినచో ఏడాదిపొడుగున నిలువయుండు మేత యగును. మెట్టరైతు పాతరమేతను పల్లపు గేదెవాడు కొనుట ఇరువురకును లాభము. లేతజొన్నను, కోసినపిమ్మట మొలచిన పిలకలను మాత్రము మేపరాదు. నాము తగిలి గేదె నిమిషములలో కూలును.

పాలిచ్చు గేదెకు దినమునకు పచ్చిమేత 25 నుండి 30 కిలోగ్రాములు, ఎండుగడ్డి 5 లేక 6 కిలోగ్రాములు, దేహపోషణకు ఒక కిలోగ్రాము దాణా, ఆపైన ప్రతి 2 లీటర్ల పాలకు మఱియొక కిలోగ్రాము అని స్థూలముగా లెక్క. 50 గ్రాముల ఖనిజలవణమిశ్రమమును, 30 గ్రాముల ఉప్పును మఱువరాదు. బ్రెజిలు మందలవారు పచ్చికబయలున ఉప్పుతొట్లు నిలిపి దినదినము చూచుకొందురు. మనవారు ఉప్పును కుడితిలో గుప్పెడు వేసితిమనుకొందురు. ఎవరు వేసిరో ఎవరు వేయలేదో ఎవరికిని తెలియదు.

నీటిచెంత నుండియు మన గేదెలు మంచినీటికి మొగమువాచుట విచిత్రము. పాలగేదె దినమునకు 60 లీటర్లు త్రాగగలదు. వేసవిలో ఇంకను ఎక్కువ. దాని నల్లచర్మమున స్వేదరంధ్రములు తక్కువ, కావున వేడిని ఓర్వలేదు. మడుగో, రెండుమూడుమాఱులు ఒంటిపై నీరో కావలయును. అయితే త్రాగునీరు వేఱు, పొర్లునీరు వేఱు. నిలువనీటి అంచున నత్తలుండును. ఆ నత్తలలో పెరిగిన జలగపిల్లలు గడ్డిపోచలకంటుకొని యుండును. ఆ గడ్డి మేసిన గేదె కార్జమున జలగలు చేరును. మేత తినియు చిక్కుట, పాలు తగ్గుట, దవడక్రింద నీరు దిగి సంచివలె వ్రేలాడుట దీని గుఱుతులు. కొల్లేటి గేదెకు పులికంటె ఈ నత్త ప్రమాదము. నీటిలో మునిగిన గడ్డి మొదలు మేపరాదు. కోసితెచ్చినచో నీటిపైభాగమే కోసి యెండబెట్టి వేయవలెను. వానలకు ముందొకమాఱు, వానలు వెలిసినతరువాత ఒకమాఱు వైద్యుడు చెప్పిన జలగమందు మంద కంతటికి ఒకేదినమున పట్టింపవలెను. బాతులు నత్తలను తినును. బాతులగుంపును మేతపొలమున తిరుగనిచ్చుట సులభమైన సాయము.

సాయంకాలమున రెండవ పరీక్ష చేయవలెను. గేదె యెద ఆవు యెదవలె బయటపడదు. వేసవిలో మూగయెద సాధారణము. చీకటిపడినతరువాతను, వేకువనుననే దాని గుఱుతులు కనబడును. పాలు హఠాత్తుగా తగ్గుట, మాటిమాటికి మూత్రము విడుచుట, తోకక్రింద తీగవంటి జిగురు, అప్పుడప్పుడు అఱచుట. ఉదయము కనబడినచో ఆ సాయంకాలము, సాయంకాలము కనబడినచో మఱునాటి ఉదయము సూదియెద చేయింపవలెను. తప్పినచో మరల 21 దినములు ఆగవలెను. ఒక్కొక్క గేదెకు ఒక పుట చొప్పున పుస్తకముంచి ఈనినతేది, ఎదతేది, చూడిపరీక్ష, టీకా, పాలకొలత, దూడబరువు వ్రాయవలెను. నేడు చెవికి వేయు బిళ్లపై 12 అంకెలు గల సంఖ్య యున్నది. అంకె ప్రభుత్వమువారు వేసిరి; దానికెదురుగా వ్రాయవలసిన చరిత్ర యజమానిది. వ్రాయుటకు ఇంటనున్న బడిపిల్లవానిని నియమించుడు. వానికి చేవ్రాతయు కుదురును, మందయు తెలియును.

టీకాలకు కాలము తప్పరాదు. పశువుల పెద్దరోగము మన తాతలకాలమున ఊళ్లకూళ్లను ఊడ్చిపెట్టెడిది. టీకాలచేతనే 2006 లో మన దేశము దానినుండి విముక్తమైనదని ప్రకటింపబడినది. 2011 లో లోకమంతటినుండియు అది తొలగినది. ఇట్టి విజయము చూచినవారము టీకాను సందేహింపరాదు. గొంతువాపునకు తొలకరికి ముందే వేయింపవలెను. అది వచ్చినచో ఒక్కదినమున గేదె గురకపెట్టి ప్రాణము విడుచును. గాలికుంటునకు ఏటికి రెండుమాఱులు. జబ్బవాపునకు ఏటికొకమాఱు. ఈచుకుపోవు రోగమునకు పెయ్యదూడలకు 4 నుండి 8 నెలల వయసులో ఒకమాఱు.

తొలకరికి ముందు చేయవలసినది ఇంకొకటి కలదు. 2024 సెప్టెంబరు మొదట బుడమేరు పొంగి విజయవాడలోని పలుపేటలను ముంచినది. ఆ నీటికి గమ్యము కొల్లేరే. పైన కురిసిన వాన మన లంకకు చేరుటకు కొంత వ్యవధి యుండును. ఆ వ్యవధియే మనకు దైవమిచ్చిన గడువు. మందను ఏ గట్టునకు తోలవలెనో, దూడలను ఏ పడవనెక్కింపవలెనో, పదిదినముల గడ్డి ఏ మెఱకమీద నుంచవలెనో జ్యేష్ఠమాసముననే నిశ్చయింపవలెను. నీరు కొట్టములోనికి వచ్చుచున్నపుడు మొదటిపని పలుపులు విప్పుట. గేదె ఈదగలదు, కట్టుత్రాడు ఈదనీయదు.

ఇక మొదట చెప్పెదనన్న మాట. దున్నదూడ ఏమి కావలెను? పూర్వము దమ్ముచేయుటకు, బండి లాగుటకు దున్నపోతు కావలసియుండెను. యంత్రములు వచ్చి ఆ పని పోయినది. నేడు పెక్కు కొట్టములలో దున్నదూడ పుట్టినది మొదలు ఎవరికిని అక్కఱలేనిది. దానిని ఎవరును చంపరు. కట్టుకొయ్యకు కట్టి, పాలు విడువక, గడ్డిపరక చూపి ఊరకుందురు. మూడువారములకో, నెలకో అది తనంత చచ్చును. అప్పుడు ‘దూడ దక్కలేదు’ అందురు. నేను మాంసము తినువాడను కాను. ఆ వర్తకమును పొగడువాడను కాను. కాని ఆకలితో నెలదినములు మాడి చచ్చిన దూడకంటె, రెండేండ్లు కడుపునిండ మేసి, ఎండలో నీడయు వానలో కప్పును ఎఱిగి, శాసనము ననుసరించి అమ్ముడుపోయిన దున్నకు తక్కువ అన్యాయము జరిగినదని నా నమ్మకము. మొదటిదానిని అహింస యని పిలుచుట మనలను మనము మభ్యపెట్టుకొనుట.

లెక్కయు ధర్మముతోనే నడచును. మంచిమేతపై దున్నదూడ దినమునకు అరకిలోగ్రాము పెరుగగలదు. రెండేండ్లలోపల 250 కిలోగ్రాములు దాటును. బరువు తెలియుటకు కాటా అక్కఱలేదు. ముందుకాళ్ల వెనుక ఛాతీ చుట్టుకొలతను అంగుళములలో కొలిచి, దానిని దానితోనే హెచ్చించి, భుజముమొదలు పిఱుదు ఎముకవఱకు గల పొడుగుచే హెచ్చించి, 660 చేత భాగింపుడు; కిలోగ్రాములు వచ్చును. చుట్టు 60, పొడుగు 48 అయినచో బరువు సుమారు 262. సంతలో గుడ్డక్రింద వ్రేళ్లుపట్టి బేరమాడు దళారికి ఈ లెక్క నచ్చదు. మీరు కొలిచి పోవుడు. బండిలో క్రిక్కిఱిసి ఎక్కింపనీయకుడు. పశువుల రవాణాకు 1978 నుండి నియమములు కలవు. దున్నదూడలే వలదనువారికి ఆడదూడలే పుట్టునట్లు వేఱుచేసిన వీర్యము నేడు దొరకుచున్నది. నూటికి 90 వఱకు పెయ్యలే పుట్టును. వెల కొంచెము హెచ్చు. అయినను, పుట్టించి మాడ్చుటకంటె పుట్టకుండ చేయుట మేలు.

కూలివాండ్రను పెట్టుకొన్న యజమానులకు ఒక మనవి. కాపరి కూలిని పాలకొలతతో ముడిపెట్టకుడు. నెలకూలి రొక్కముగా నిచ్చి, మూడునెలలు నిండిన ప్రతి దూడకును, మగదైనను ఆడదైనను, కొంత బహుమాన మీయుడు. పాలకు బహుమానమిచ్చినచో పాలు వచ్చును, దూడ పోవును. దూడకు బహుమానమిచ్చినచో రెండును నిలుచును. అర్థశాస్త్రకర్త చెప్పిన మాటను మన కొట్టములో ఆచరించుట ఇదియే.

రేపు వేకువను మీ కొట్టములోనికి పోయినపుడు పాలచెంబు బయట నుంచి, ముందు దూడలకట్టు వద్దకు పొండు. వాని ప్రక్కటెముకలు లెక్కకు వచ్చుచున్నవా, వెండ్రుకలు నిగనిగలాడుచున్నవా చూడుడు. మీ మంద మఱి నాలుగేండ్లకు ఎట్లుండునో మీకు అచటనే తెలియును.